బావ చూసిన మెరుపు

డిర్రాకియం, సెప్టెంబరు రెండో రోజు

చెల్లెలు అలేడియాకు మానియస్ రాస్తున్నది.

ఇరవై రెండేళ్ళ కిందట ఇలాంటి సెప్టెంబరులోనే నీ మొగుడు వోలుమ్నియస్ మన నాన్నగారి ఇంట్లో పొయ్యి మీద చెయ్యి చాచి నాకు మాట ఇచ్చాడు. "బావా, ఎన్నిక రోజున గద్దలు నా నెత్తిన కూర్చుని పోట్లాడుకున్నా సరే, ఆకాశం వంక చూడను" అన్నాడు. రెండు రోజుల తరవాత మార్స్ మైదానంలో, ఏడాది పాటు రోమ్‌ను ఏలే కాన్సుల్ పదవికి ఓట్లు పడుతున్నాయి. మొదటి జట్టు నన్నే ఎన్నుకుంది. రెండోదీ నన్నే. జనం అప్పుడే నా చుట్టూ మూగి నా భుజాలు తట్టడం మొదలుపెట్టారు. నీ మొగుడు శకున పూజారుల వంకర కర్ర పట్టుకుని లేచాడు. మబ్బు తునక లేని ఆకాశం వంక చూశాడు. మెరుపు కనిపించిందన్నాడు. "మరో రోజు" అన్నాడు. శకున పూజారి నోట ఆ రెండు మాటలు వస్తే ఎంత పెద్ద సభైనా చెదిరిపోవలసిందే. ఆ మరో రోజు వచ్చేసరికి క్వింటస్ లారియస్ మైదానం నిండా తన మనుషులను దింపుకున్నాడు. కాన్సుల్ అతనయ్యాడు. నేను ఇక్కడ తేలాను.

ఇదంతా నీకు తెలియదని కాదు. ఏటా ఈ నెలలో రాస్తాను కనక రాశాను. చచ్చినవాళ్ళకు జనం పాలూ తేనే పోస్తారు. నేను ఇది పోస్తాను.

నువ్వు కులాసా అని రాశావు, సంతోషం. నా కులాసా సంగతి ఇది. ఈ ఊరికి పేరున్న వీధి ఒక్కటే. పొద్దున్నే ఆ చివరికి నడుస్తాను, అక్కడ సముద్రం. తిరిగి ఈ చివరికి వస్తాను, ఇక్కడా సముద్రమే. ఎదురుగా ఇటలీ ఉందనీ, వాతావరణం బాగున్న రోజున కనిపిస్తుందనీ నా ఇంటి యజమాని ఫిలో ఇన్నేళ్ళుగా నమ్మిస్తున్నాడు. ఆ రోజు ఇంకా రాలేదు. ఇటలీ నేల మీద నాకు నిప్పూ నీళ్ళూ ఇచ్చినవాడికి శిక్ష తప్పదని మా శిక్షాపత్రంలో ఉంది కదా, ఆ సంగతి విన్నప్పటి నుంచి ఈ గ్రీకువాడు కుంపటి తెచ్చి పెట్టిన ప్రతిసారీ ఒకటే హాస్యం. "పుచ్చుకోండి దొరా, మా ఊళ్ళో నిప్పు చవక. నీళ్ళకా, కొదవే లేదు. కాస్త ఉప్పగా ఉంటాయి, అంతే."

నుమేరియస్ జనం తరఫు ట్రిబ్యూన్‌గా గెలిచాడనీ, డిసెంబరులో పదవి ఎక్కగానే నన్ను వెనక్కి పిలిపించే తీర్మానం జనం ముందు పెడతాడనీ రాశావు. మేనల్లుడికి నా దీవెనలు. ఆనాడు దండుతో రోమ్‌లో దిగి మమ్మల్ని వెళ్ళగొట్టిన సేనాపతి చచ్చాడు. నాతో వెళ్ళినవాళ్ళలో సగం మంది ఇళ్ళకు చేరారు, సగం మంది చితికి చేరారు. ఎటూ చేరనివాణ్ణి నేనే. డెబ్బై దాటాయి. ఈ గాలిలో ఇక ఎన్ని చలికాలాలు గడుస్తాయో తెలియదు.

ఒక్క ప్రశ్న. తీర్మానం రోజున ఆకాశం చూసే పెద్ద ఎవరు? నీ మొగుడేనా? ఈ వయసులో ఆయన కళ్ళు ఎలా ఉన్నాయి? మెరుపులు బాగా ఆనుతున్నాయా?

నీ అన్న.

*

రోమ్, సెప్టెంబరు పద్నాలుగు

అన్నయ్యా,

ఏటేటా నువ్వు పోసేది ఈ ఏడూ అందింది. మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు దగ్గు సంగతి రాయలేదు, కాబట్టి దగ్గు ఉందన్నమాట. పంపిన ఉన్ని దుప్పటి కప్పుకుంటున్నావా, లేక పోయినసారిలా ఫిలో పెళ్ళానికి ఇచ్చేశావా?

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. మెరుపుల దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. "గిన్నెలో గంజి ఎంతుందో కూడా ఆనడం లేదని రాయి" అన్నారు. నుమేరియస్ మాత్రం నవ్వలేదు.

"నాన్నా, ఆ రోజు మీరు వచ్చి కూర్చుని నోరు మెదపకుండా ఉంటే చాలు. మామయ్య ఇంటికొస్తాడు."

"మెదపనురా. మెదపకపోతే ఏమంటారో తెలుసా? అప్పుడు ఆకాశాన్ని అమ్ముకున్నాడు, ఇప్పుడు ముసలితనాన భయం పట్టి తిరిగిచ్చాడు అంటారు. నేను చచ్చాక నా పాడె ముందు నడుస్తూ నువ్వు వినాలి ఆ మాట."

"అనేవాళ్ళు ఎలాగూ అంటున్నారు."

"అందుకే ఒక్కసారి అనకుండా ఉండమంటున్నాను. అనే మొదటివాడు మీ మామయ్యే."

అన్నయ్యా, ఆయన అడిగేది ఒక్కటే. నువ్వు ఒక ఉత్తరం రాయాలి. ఓట్లకు ముందు నుమేరియస్ దాన్ని ఫోరం వేదిక ఎక్కి చదువుతాడు. "ఆ రోజు వోలుమ్నియస్ శకున పూజారిగా తన విధి తాను చేశాడు, అతని మీద నాకు ఏ నిందా లేదు." ఇంతే. ఇంతకు మించి ఒక్క ముక్క అడగలేదు. నవంబరు నడుమకి సముద్రం మూసేస్తారు, ఆ తరవాత వసంతం దాకా ఒక్క పడవా దాటదు. అందుకని ఆలోచించడానికి నీకు ఎక్కువ వ్యవధి లేదు.

మన నాన్నగారి ఇంటి ముందు గది కప్పు దింపిస్తున్నాం. పూర్వీకుల మైనపు ముఖాలు బీరువాలోంచి తీసి మా ఇంటికి తెచ్చాను. వేసవి ఎండకు తాతగారి ముక్కు కాస్త జారింది.

అలేడియా.

*

డిర్రాకియం, సెప్టెంబరు ఇరవై ఆరు

అలేడియాకు మానియస్.

దగ్గు ఉంది. దుప్పటి ఫిలో పెళ్ళాం దగ్గరే ఉంది. ఆమెకు ఏడో బిడ్డ పుట్టాడు, నాకు దుప్పటి తప్ప ఇవ్వడానికి ఏమీ లేదు.

ఇక నీ మొగుడి కోరిక. దొంగ ఇంటికి వచ్చి, "నీ సొమ్ము నీకు ఇస్తాను గానీ నేను దొంగను కానని చీటీ రాసి ఇవ్వు" అన్నాడట. ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని నేను చదవని చరిత్ర లేదు. రాజుల్ని పొడిచినవాళ్ళు, కొడుకుల్ని అమ్ముకున్నవాళ్ళు, కోట తలుపులు లోపలి నుంచి తీసి శత్రువుకు దారి చూపినవాళ్ళు, అందరూ ఆ పుస్తకాల్లో ఉన్నారు. పొడిచి, పొడిపించుకున్నవాడి చేత సంతకం అడిగినవాడు మాత్రం వాటిలో లేడు. మన కుటుంబానికి ఆ గౌరవం దక్కింది.

తన విధి తాను చేశాడట! విధి అంటే ఆకాశంలో ఉన్నది చూడటం. ఆ రోజు ఆకాశంలో ఏముందో అక్కడ నిలబడ్డ వేలమందికి తెలుసు. ఏమీ లేదు.

ఇల్లు పడగొడుతున్నారని రాశావు. సంతోషం. మా ఆస్తి వేలం వేసిన రోజున నీ మొగుడు ఆ ఇల్లు పాడుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ కప్పు ఉంచాడు, అదే దయ. ఇక తాతల ముఖాలు కూడా మీ గోడకు చేరాయన్నమాట. మీ ఇంట ఎవరైనా పోతే ఆ ముఖాలు పెట్టుకుని నటులు ముందు నడుస్తారు కాబోలు. మన తాతలు వోలుమ్నియస్ పాడె ముందు! తాతగారి ముక్కు జారిందంటే జారదా మరి.

రాయను. ఈ పడవకీ రాయను, చివరి పడవకీ రాయను. నోరు మూసుకోవడానికి ఆయనకు నా ఉత్తరం ఎందుకు? ఎప్పుడు మూసుకోవాలో, ఎప్పుడు తెరవాలో ఆయనకు బాగా తెలుసు.

మానియస్.

*

రోమ్, అక్టోబరు మూడో రోజు

అన్నయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. రాలేదంటే నాకు ఆశగా ఉంది. ఒప్పుకోని పక్షంలో నువ్వు పడవ తాడు విప్పకముందే రాసి పంపేవాడివి. చిన్నప్పుడు కూడా కాదనడానికి నీకు ఒక్క క్షణం పట్టేది, సరేననడానికి మూడు రోజులు పట్టేది.

ఆ మాటే ఆయనతో అన్నాను. "మా అన్న రాస్తాడు" అన్నాను. ఆయన తోటలోకి వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళి చూస్తే అంజూరపు చెట్టు కింద నిలబడి ముఖం తుడుచుకుంటున్నారు. ఎండ ఎక్కువగా ఉందన్నారు. ఎండ లేదన్నయ్యా.

నుమేరియస్ రోజూ ఎవరో ఒకరి ఇంట భోజనానికి వెళుతున్నాడు. అయిదు రోజుల కిందట లారియస్ కొడుకు ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ జట్టు ఓట్లు లేకుండా తీర్మానం నెగ్గదు. లారియస్ కొడుకు తాగి, "మీ మామయ్య బతికే ఉన్నాడా? మా నాన్నను ఒక్క మాట అనకుండా రోజు గడవదటగా ఆయనకి" అన్నాడట. మనవాడు, "మా నాన్నను అంటాడండీ, మీ నాన్న సంగతి ఎప్పుడో మరిచిపోయాడు" అన్నాడట. అందరూ నవ్వారు. ఓట్లు వస్తాయని ధైర్యంగా ఉన్నాడు.

ముందు గది కప్పు పూర్తయింది. ఇక నీకు దాచలేను. నువ్వు వచ్చి పడుకోవడానికే ఆ గది. పాత కప్పు కారేది. వేలంలో ఆయన ఆ ఇల్లు కొన్నది కూడా పరాయివాడి చేతిలో పడకూడదనే. ఇన్నేళ్ళుగా అందులో ఎవరినీ కాపురం పెట్టలేదు. నీ గుమ్మానికి దీపం పెట్టించి వస్తున్నాను.

చివరి పడవల గాలి మొదలైంది. త్వరగా రాయి.

అలేడియా.

*

డిర్రాకియం, అక్టోబరు తొమ్మిది

అలేడియాకు.

నీ ఉత్తరమేదీ రాలేదు. నీకు బదులు ఇటలీ రేవు బ్రుండీసియం నుంచి ఒక నూనె వర్తకుడు వచ్చాడు. రోమ్ కబుర్లన్నీ వాడి నోట్లోనే ఉన్నాయి.

"మీ మేనల్లుడండీ, చక్కటి కుర్రాడు. లారియస్ వారింట విందులో చూశాను. ఒకే భోజనాల మంచం మీద ఆనుకుని తింటున్నారు ఇద్దరూ. ఏం నవ్వులు, ఏం నవ్వులు!"

"దేనికి నవ్వారు?"

"అది మాత్రం అడగకండి దొరా."

అడగలేదు. అడగవలసిన పని లేదు. తండ్రి ఆకాశాన్ని లారియస్‌కు అమ్మాడు, కొడుకు మామయ్యను లారియస్ కొడుక్కి అమ్ముతున్నాడు. మధ్యలో నువ్వు నాచేత నింద లేదని రాయించబోయావు. రాసి ఇస్తే దాన్ని చదివి, తీర్మానం మాత్రం మరో రోజుకు వేసేవాళ్ళు. నేను ఇక్కడే, నా చేతి రాత అక్కడ. ఎంత చక్కగా అల్లారు!

అందుకని వోలుమ్నియస్ అడిగినట్టే ఆయన మీద ఒకటి రాశాను. నీకు కాదు, సుబురా వీధిలో మన పాత క్షురకుడికి పంపాను. వాడి అంగడిలో కూర్చున్నవాడికి గడ్డం గీసేలోపు నోటికి వచ్చేస్తుంది:

మబ్బు లేదు, చినుకు లేదు, మెరుపు చూసె మా బావ;
మాట మింగి త్రేన్చినాడు, ఉరుమనుకొనె ఊరంతా.

వేదిక మీద చదివించుకోమను.

మానియస్.

*

రోమ్, అక్టోబరు ఇరవై నాలుగు

అన్నయ్యా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. వాటికంటే ముందు నీ పద్యం అందింది. చేపల సంతలో అందింది. నన్ను చూసి కూడా ఆపలేదు వాళ్ళు, ఇంకాస్త రాగం తీశారు. ఆయన ఫోరం దాటుతుంటే వెనక నుంచి ఎవడో గట్టిగా త్రేన్చాడట. బజారంతా పడి పడి నవ్విందట. ఇంటికి వచ్చి కర్ర మూలన పెట్టి, "మీ అన్నకి ఛందస్సు ఇంకా పోలేదే" అన్నారు. ఆ తరవాత భోజనానికి లేవలేదు. ఇప్పటికీ సరిగా లేవడం లేదు.

నీకు ఒక సంగతి చెప్పబోతున్నాను. తప్పు చేశానని చెప్పడం లేదు. కూర్చుని చదువు.

నీ ఎన్నికకు ముందు రోజున ఆ సేనాపతి కింది దళనాయకుడొకడు మా ఇంట భోజనం చేశాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. అంజూరపు పండు తొక్క తీస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "ఈసారి ఎవరు కాన్సుల్ అయినా సరే, వాళ్ళకి కోతల కాలం చూసే రాత లేదు. మావాడు వసంతంలో దండుతో దిగుతున్నాడు." వాడు వెళ్ళగానే నేను పల్లకీ ఎక్కి నీ దగ్గరికి వచ్చాను. తప్పుకో అన్నయ్యా అన్నాను. నువ్వు సన్నగా నవ్వి, "ఇంటికి వెళ్ళి ఉన్ని వడుక్కో అమ్మాయ్" అన్నావు.

వడుక్కోలేదు. ఆయన్ని అడిగాను.

"పొయ్యి మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చానే!" అన్నారు.

"అయితే ఆ చేత్తోనే మా అన్న చితికి నిప్పు పెట్టండి" అన్నాను.

మర్నాడు మైదానంలో లేచి ఆ రెండు మాటలు అన్నారు. మెరుపు చూసింది నేను అన్నయ్యా. ఆయన ఆకాశంలో ఏమీ చూడలేదు.

వసంతంలో వేదిక మీద లారియస్ తల వేలాడింది. నేను వెళ్ళి చూశాను. ఈగలు ముసిరి ముఖం సరిగా కనిపించక చాలాసేపు నిలబడ్డాను. అది నీది కాదని నమ్మకం కుదిరాకే ఇంటికి వచ్చాను. అదే రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను.

ఇన్నేళ్ళూ నీకు చెప్పనివ్వనిది ఆయనే. "చెల్లెలి మీద కోపంతో మీ అన్న బతకలేడు. నా మీద కోపంతో అయితే ఎన్నాళ్ళైనా బతుకుతాడు" అనేవారు. ఇప్పుడు కూడా నేను రాస్తున్నట్టు ఆయనకు తెలియదు.

లారియస్ ఇంట మనవాడు నవ్వింది ఎందుకో ఆ ముందు ఉత్తరంలో ఉంది. అందితే చదువు.

తీర్మానం నెగ్గే వీలు ఇంకా ఉంది. ఆయన ఇప్పటికీ నోరు మెదపనంటున్నారు, అదీ ఆ ఒక్క వాక్యం ఉంటేనే. నవంబరు మొదట్లో బయలుదేరే పడవ ఆఖరిది. రాయి. మనమందరం పెద్దవాళ్ళమైపోయాం. నువ్వు ఆ గదిలో పడుకుని దగ్గుతుంటే వినాలని ఉంది.

అలేడియా.

*

డిర్రాకియం, నవంబరు ఎనిమిది

చెల్లీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే పడవలో వచ్చాయి. ముందుది వెనక, వెనకది ముందు చదివాను. ఇక్కడ ఏదీ వరసలో జరగదు.

నన్ను బతికించావు. ఉప్పునీళ్ళ జాడీలో ఆలివ్ కాయల్ని కూడా అలాగే బతికిస్తారు. దేవుళ్ళు నీకు ఏం ఇవ్వాలో వాళ్ళే ఆలోచించుకుంటారు. నేను నీకు చెప్పగలిగింది ఒక్కటి. మనం ఏళ్ళను కాన్సుల్ పేర్లతో పిలుస్తాం. నువ్వు వసంతంలో చూసివచ్చిన ఆ తల తాలూకు ఏడాదిని లోకం ఉన్నంతకాలం లారియస్ ఏడాది అంటారు. ఒప్పందాల మీద, సమాధుల మీద, ద్రాక్షసారా జాడీల మూతల మీద కూడా అతని పేరే. మొన్న ఫిలో తెరిచిన జాడీ మీద ఉంది, చదివి తాగాను. అతనికి తల పోయింది, ఏడాది మిగిలింది. నాకు తల మిగిలింది. ఏది మేలో నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఉన్ని వడుక్కోమన్నానని రాశావు. వడుక్కోవలసింది.

ఇక ఆ వాక్యం. అబద్ధం ఎందుకు, రాయడానికి కూర్చున్నాను. మైనపు పలక మీద రాశాను కూడా. చదువుకుంటే బాగానే ఉంది. నుమేరియస్ గొంతులో ఎలా వినిపిస్తుందో ఊహించుకున్నాను. ఓట్లు పడటం చూశాను. బ్రుండీసియం రేవులో దిగి ఎవరో ఇచ్చిన మంచినీళ్ళు తాగాను. ఇటలీ నీళ్ళు ఎలా ఉంటాయో మరిచిపోలేదు.

తరవాత మన క్షురకుడి అంగడి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ పగ ఒక్క వాక్యంలో మాయమైతే వాడు కత్తి ఆపి అడుగుతాడు. "ముసలాయనకి నింద లేదట. మరి ఆ రోజు మెరుపు ఎవరికి కనిపించినట్టు?" వాడి అంగడిలో అడిగిన ప్రశ్న సాయంత్రానికి శకున పూజారుల మండలికి చేరుతుంది. లారియస్ కొడుకు మోసుకువెళతాడు. తండ్రి తల అలా పోవడానికి కారణం దొరికితే ఊరుకునే కొడుకు ఎవడు? మండలి నీ మొగుణ్ణి ప్రమాణం చేయించి అడుగుతుంది. ఆయన జీవితంలో ఒక్కసారి మాట తప్పాడు. దాన్ని మోయడమే ఎలా ఉందో నీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది, రెండోసారి తప్పే మనిషి కాదు. నిజం చెబుతాడు. పెళ్ళాం చెప్పిందని దేవుళ్ళ పేరు మీద ఎన్నిక ఆపినవాడి కొడుకును ఆ పూటే పదవిలోంచి లాగేస్తారు. నిన్ను ఏం చేస్తారో నేను రాయను. నువ్వు ఇవన్నీ ఆలోచించలేదా? ఆలోచించే ఉంటావు. ఆలోచించి కూడా రాయమన్నావు. ఒక్కసారి నా తరఫున ఆలోచించింది చాలదా అమ్మాయ్?

నేను అతన్ని ద్రోహి అంటున్నంతకాలం ఎవరూ ఏమీ అడగరు. ముసలివాడి పాత పగ, అంతే. నా నింద మీ ఇంటి తలుపుకు గడియ. తీయను.

ఇది మంచితనమని అపోహ పడకు. నిన్ను నిందించి చూశాను. నిన్న పొద్దుటి నుంచి అదే పని. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ, ఇన్నాళ్ళూ అతన్ని అన్నవన్నీ వరసగా నిన్ను అన్నాను. మాటలన్నీ సరిగ్గానే అతికాయి. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ నీకు రాయడానికి కూర్చున్నాను. ఏం రాయాలో తెలియలేదు. నీ మీద చాడీ చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకు ఎవరూ లేరు.

ఆ గదిలో ఎవరినైనా కాపురం పెట్టు. కప్పు బాగుంటే ఖాళీగా ఉంచకూడదు. తీర్మానం పెట్టవద్దని నుమేరియస్‌కు చెప్పు. మామయ్య మొండివాడు, ఒప్పుకోలేదు అను. లారియస్ కొడుకు నమ్ముతాడు.

ఫిలో గుమ్మంలో నిలబడ్డాడు. "పడవవాడు తాడు విప్పుతున్నాడు దొరా, ప్రేమలేఖ ఇక చాలించండి" అంటున్నాడు. ఇదే ఆఖరి పడవ. వసంతం దాకా మాకు నిప్పు తప్ప మరేమీ ఉండదు.

ఎవరైనా అడిగితే ఈ కింది ముక్క చించి చూపించు. వేదిక మీద చదివినా నాకు అభ్యంతరం లేదు.

అలేడియస్ వంశపు మానియస్, బుద్ధి స్థిరంగా ఉండి, తన చేత్తో రాసినది. నన్ను ఇక్కడికి పంపినవాడు సేనాపతి కాదు, లారియస్ కాదు, మా ఇంటివాళ్ళు ఎవ్వరూ కాదు. ఈనాటికీ నేను నిందించేది ఒక్కణ్ణే. స్పూరియస్ వోలుమ్నియస్‌ని.